గుడారము వాకిట చెప్పులు



మహాభారతము ఆనుశాసనిక పర్వమునందు జమదగ్ని మహర్షి కథ యొకటి కలదు. ఆయన వినోదార్థము బాణములు వేయుచుండగా భార్యయైన రేణుకాదేవి వానిని ఏరి తెచ్చి యిచ్చుచుండెను. జ్యేష్ఠమాసపు టెండకు నేల కాగి, తలయు పాదములును మాడిపోవగా ఆమె యొక చెట్టునీడను క్షణకాలము నిలిచి ఆలస్యముగా వచ్చెను. కారణము విని మహర్షి సూర్యునిమీదనే విల్లెక్కుపెట్టెను. ఆ దేవుడు బ్రాహ్మణరూపమున వచ్చి శరణువేడి, తలకు గొడుగును కాళ్లకు చెప్పులను ఇచ్చి పోయెను. ఒక యిల్లాలి అరికాళ్లు కాలుటవలననే లోకమునకు పాదరక్షలు లభించినవని మా నాయనగారు పాఠము చెప్పుచు నవ్వుట నాకు నేటికిని జ్ఞాపకము.

ఆ చెప్పులు నడచువేళ వేసికొనునవి. నడక ముగిసినపిమ్మట, కొండమీది గుడారము వాకిట వేసికొనవలసిన చెప్పులు వేఱు. వానినిగూర్చియే ఈ వ్యాసము. ఇంత చిన్న సంగతికి ఇన్ని పుటలెందుకని అనుకొనవలదు. ఈ చిన్న సంగతిని తేలికగా తలచుటవలన చిన్ననాటినుండి నేను కోరుకొన్న దర్శనము నాకు తప్పిపోవలసినదై, ఒక పరాయి సోదరి దయవలన దక్కినది.

మా వారు గోదావరి తీరమున ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. వేసవి సెలవులలో తోడి ఉపాధ్యాయుల కుటుంబములు నాలుగైదు కలిసి ఉత్తరాఖండమునందలి హర్ కీ దూన్ అను లోయకు నడచిపోవ నిశ్చయించినవి. హరుని లోయ యని దానికి అర్థము చెప్పుదురు. సముద్రమట్టమునకు 3,566 మీటర్ల యెత్తున నున్నది. ఆ లోయనుండి చూచినచో స్వర్గారోహిణి యను హిమశిఖరము కానవచ్చును. దాని యెత్తు 6,252 మీటర్లు. పాండవులు ద్రౌపదీసహితముగా మహాప్రస్థానము చేసినది ఆ కొండవెంబడినే యని అక్కడివారి నమ్మకము. బదరీనాథమునకు పైనున్న సతోపంథ్ దారియే ఆ మార్గమని మఱికొందఱందురు. ఎవరి కొండ వారికి పూజ్యము గనుక ఆ తగవు మనకేల? ద్రౌపది మొదట పడిపోయిన ఘట్టమును పదునొకండేండ్ల వయస్సున చదివి యేడ్చిన దానను. నాకా కొండను చూడవలెనని కోరిక.

ఒక్కొక్కరి వీపుసంచి 9 కిలోలు మించరాదని మార్గదర్శి ముందుగానే వ్రాసి పంపెను. ఆ పట్టికలో ఉన్ని దుస్తులు, వానచొక్కా, చేతిదీపము, మేజోళ్లు మూడు జతలు అని వరుసగా వ్రాసి, చివర "విడిదిలో వేసికొనుటకు తేలికయైన పాదరక్షలు ఒక జత" అని యుండెను. నడకబూట్లకు అప్పటికే నాకును అమ్మాయికిని కలిపి మూడువేల రూపాయలు అయినవి. మఱియొక జతయా యని నేను సందేహించుచుండగా మా అత్తగారు పెరటి గుమ్మమువైపు చూపి, "రెండు జతలెందుకమ్మా? ఆ హవాయి చెప్పులు ఇంకను ఆఱు నెలలు వచ్చును" అనిరి. ఆ చెప్పులలో కుడికాలిదానికి వ్రేలి సందున నుండు రబ్బరుకాడ ఊడివచ్చుచుండుటచే, అడుగున పిన్నీసు గ్రుచ్చి వాడుచుంటిమి. ఇట్లు పిన్నీసు గ్రుచ్చని యిల్లు మన దేశమున ఎన్ని యుండును? మూడువందలు మిగిలినవని సంతోషించి వానినే సంచిలో పెట్టుకొంటిని.

రాజమహేంద్రవరమునుండి ఢిల్లీకి, ఢిల్లీనుండి డెహ్రాడూనుకు రైలుప్రయాణము. అచ్చటనుండి సాంక్రీ యను గ్రామమునకు సుమారు 200 కిలోమీటర్లు జీపులో పోవలెను. ముస్సోరీ కొండ దాటి, నౌగాఁవ్ మీదుగా పురోలా చేరగానే ఎఱ్ఱబియ్యము పండు మళ్లు కంటికి మన ప్రాంతమును తలపించినవి. అటుపిమ్మట మోరీవరకు దేవదారు, చీడ వృక్షముల నడుమ మలుపులే మలుపులు. నైట్వాడ్ అను చోట రూపిన్, సుపిన్ అను రెండు నదులు కలిసి టోన్స్ నదియై పోయి యమునలో చేరును. సాంక్రీలో ఒక రాత్రి నిదురించి, మఱునాడు తాలుకావరకు జీపులోను, అక్కడినుండి సుపిన్ నదివెంట కాలినడకను పోయితిమి.

ఆ నడకను వర్ణింపబూనినచో పత్రికవారు నాకు చోటీయరు. అక్రోటుచెట్ల నీడలు, చెక్కవంతెనలు, కంచరగాడిదల మెడలలోని గంటలు, ఎడమప్రక్కనో కుడిప్రక్కనో విడువక వినబడు నదీఘోష, ఇంతమాత్రము చెప్పి విడిచెదను. సుమారు 13 కిలోమీటర్లు నడచి సాయంకాలము నాలుగు గంటలకు సీమా యను చోట దిగితిమి. నదికి ఆవలి గట్టున మిట్టమీద ఓస్లా గ్రామము. కొయ్యయు రాయియు పొరలుపొరలుగా పేర్చి కట్టిన ఇండ్లు, నడుమ చెక్కడపు పనితో కొయ్యగుడి యొకటి. అది దుర్యోధనుని గుడి యని పుస్తకములందు చదివి వచ్చితిమి. ఊరివారినడుగగా సోమేశ్వరుడని చెప్పిరి.

బూట్లు విప్పగానే తెలిసినది రెండవ జత యెందుకో. దినమంతయు నడచిన పాదములు ఉబ్బును. చెమటచేతను వాగునీటిచేతను చర్మము నాని మెత్తబడియుండును. అట్లే తడిసిన బూట్లలోనే రాత్రివఱకు ఉంచినచో వ్రేళ్ల సందులు ఒరసిపోయి, మడమలయందు బొబ్బలు లేచును. విప్పి గాలికి ఆరనిచ్చినచో తెల్లవారునప్పటికి పాదము గట్టిపడి మరల నడకకు సిద్ధమగును. బూట్లకును విశ్రాంతి కావలెను. లోపలి అట్టలను తీసి వేఱుగా ఆరబెట్టి, బూటులో పాతవార్తాపత్రికల ముద్దలు కూరినచో తెల్లవారుసరికి తేమ చాలవఱకు లాగివేయును. అయితే వట్టికాళ్లతో తిరుగుదమన్న కొండమీద అది మన నట్టిల్లు కాదు. రాళ్లు, గొఱ్ఱెల పెంటికలు, గుడారపు మేకులు, చలినేల. మన యిండ్లలో చెప్పులు గడప దాటి లోనికి రానట్లే గుడారములోనికిని రారాదు. అట్టడుగున అంటుకొన్న గులకరాయి గుడారపు నేలగుడ్డను చింపును. కనుక రాత్రిలో పదిమార్లు వేసికొని పదిమార్లు విడువవలెను. తాళ్లు బిగించు బూటుతో ఆ పని కాదు. ఇంత యున్నది ఆ పట్టికలోని చివరి పంక్తియందు!

ఆ రాత్రి మూడు గంటలవేళ నాకు వెలుపలికి పోవలసివచ్చినది. ఒకచేత దీపము, ఒకచేత శాలువ. మేజోళ్లతో హవాయి చెప్పు పట్టదు. వ్రేలిసందు కాడకు మేజోడు అడ్డము. కనుక మేజోళ్లు విప్పి వేసికొని బయలుదేరితిని. మంచుకు గడ్డి తడిసియుండెను. గుడారపు త్రాడు దాటబోవుచుండగా కుడిచెప్పు కాడ పిన్నీసుతో సహా ఊడి, పాదము ముందునకు జారి, ఇనుపమేకు పాతిన రాతికి కొట్టుకొన్నది. బొటనవ్రేలి గోరు సగము లేచినది. ప్రక్కవ్రేలు క్షణములో నేరేడుపండువలె నల్లబడి ఉబ్బసాగినది. ఆ వ్రేలికి మెట్టె యున్నది.

మార్గదర్శి దీపము పట్టి చూచి, ఉబ్బు పెరుగకమునుపే ఉంగరము తీయుడు, లేనిచో ఉదయమునకు కోయవలసివచ్చునని చెప్పెను. నేను పాదము వెనుకకు లాగుకొంటిని. చదువుకొన్నదానవు, ఈ మూఢత్వమేమి యని మీరనవచ్చును. పదునాలుగేండ్లుగా తీయనిదానిని చీకటిలో, కొండమీద, ఇంటికి ఇన్నివందల కోసుల దూరమున తీయుమన్నచో మీరేమి చేయుదురో చెప్పుడు. మా వారు ఏమియు అనలేదు. సబ్బునీరు చేయించి తెచ్చి, పెండ్లినాడు తొడిగినట్లే నా పాదము పట్టుకొని మెల్లగా తిప్పుచు తీసిరి. రెండు మెట్టెలను నా మంగళసూత్రముల గొలుసునకు దారముతో కట్టిరి. "ఇల్లు చేరినతరువాత మరల తొడిగెదను" అనిరి. అప్పుడు నాకు నొప్పికంటె వేఱు కారణమున కన్నీరు వచ్చినది.

తెల్లవారినది. బూటులో పాదము పెట్టబోగా ప్రాణము పోయినట్లయినది. పైలోయ ఇంకను 11, 12 కిలోమీటర్లు. మా వారు తిరిగి సాంక్రీకి పోదమనిరి. అమ్మాయి ముఖము చిన్నబోయినది. నేను ఆమెను బృందముతో పంపి, మేమిద్దఱము ఆ దినము సీమాలో ఉండునట్లును, మఱునాడు కాలునుబట్టి నిర్ణయించునట్లును ఒప్పించితిని. కాని దేనితో నడచుదును? బూటు పట్టదు. హవాయి చెప్పు తెగినది. తెగకున్నను దానితో కొండ యెక్కరాదు.

అప్పుడు గుంటూరునుండి వచ్చిన ఒక ఉపాధ్యాయిని, అంతకు మూడు దినములక్రితమువఱకు నాకు ముఖపరిచయమైన లేనివారు, తమ గుడారమునుండి ఒక జత తెచ్చి నా ముందర పెట్టిరి. నురుగువంటి తేలిక పదార్థముతో అచ్చుపోసినవి. ముందువైపు మూసియుండి వ్రేళ్లకు చోటు విశాలముగా నున్నది. పైన చిల్లులు, మడమవెనుకకు త్రిప్పుకొను పట్టీ. "మీ పాదము నా పాదము ఒక్కటే కొలతవలె నున్నవి వదినగారూ. ఉంచుకొనుడు" అనిరి. "మఱి మీకో?" యంటిని. "నాకు బూట్లున్నవి కదా" యని నవ్వి, సంచి భుజమున వేసికొని వెడలిపోయిరి.

ఆ దినమంతయు నదియొడ్డున కూర్చుంటిని. ఓస్లానుండి కట్టెలకు వచ్చిన ఒక స్త్రీ నాప్రక్క కూర్చుండి తకిలితో ఉన్ని వడకుచు నా కట్టును చూచెను. ఆమె కాళ్లకు సంతలో దొరకు రబ్బరుజోడు. అదియే పొలమునకు, అదియే మంచుకు, అదియే పెండ్లికి. మా బృందమువారి పాదరక్షలు ఎన్ని రకములో వచ్చిన హిందీలో నేను లెక్కచెప్పగా ఆమె చాలసేపు నవ్వెను. ఆ పర్వతములకు పడమటనున్న కులూ సీమలో జనపజాతి మొక్కల నారతో పూలా అను జోడు అల్లుదురు. తోలు తగులదు గనుక దేవాలయ ప్రాంగణములందును వంటయిండ్లలోను వానిని వాడుకొందురు. ఎముకలు కొఱుకు చలిలో మడికట్టుకొనువారికి ఎంత చక్కని ఉపాయము! మన ఆచారవంతులు ఎవరును దీనిని తెప్పించుకొనకుండుట నాకు వింతగా నున్నది.

మఱునాడు ఉదయము ఆరుగంటలకు బయలుదేరితిమి. గాయమునకు దూది యెక్కువగా పెట్టి కట్టి, రెండు జతల ఉన్ని మేజోళ్లు తొడిగి, ఆ నురుగుజోడు వేసికొంటిని. మడమపట్టీ వెనుకకు త్రిప్పి, అది చాలదని పాదముమీదుగా అడుగుక్రిందికి ఒక గుడ్డపేలిక కట్టితిని. చేత కఱ్ఱ. నా సంచి గాడిదపైకి పోయినది. ఇతరులు ఐదుగంటలలో నడచిన దారిని మేము ఎనిమిది గంటలు నడచితిమి. సమతలముగా నున్నచోట హాయిగానే యుండెను. గులకరాళ్ల దిగుడులో మాత్రము అడుగు మెత్తనగుటవలన ప్రతి రాయియు తెలిసినది. తడిసిన బండలమీద జారిపోవునని కూర్చుండి దిగితిని. ఇది గొప్పగా చెప్పుకొనుట కాదు. అట్టి జోడుతో కొండ యెక్కుడని ఎవరికిని చెప్పను. కాని ఆపదవచ్చిననాడు బూటు పని మానినచో దానికి బదులుగా ఒకదినమైనను మోయగల శక్తి ఆ రెండవ జతకుండవలెనని ఆ దినము నాకు బోధపడినది.

చేరుసరికి మబ్బు క్రమ్మియుండెను. శిఖరము లేదు. గుడారముల వద్ద గుంటూరువారు ఒక బండపై కూర్చుండియుండిరి. ముందుదినము మధ్యాహ్నము వాగులో కాలుజారి వారి బూట్లు లోపలివఱకు తడిసినవట. రెండవ జత లేదు గనుక ఆ తడిబూట్లతోనే రాత్రియు మఱునాటి పగలును గడపిరి. మా అమ్మాయి నాకు చెవిలో చెప్పినదాక వారు చెప్పలేదు. మేజోళ్లు విప్పించి చూతునుగదా, అరికాళ్లు నీళ్లలో నానిన వస్త్రమువలె తెల్లనై ముడుతలుపడి, మడమయొద్ద చీలినవి. వెంటనే వారి జోడు వారికిచ్చి, పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాసితిని. వారు వద్దనుచునే కన్నులు మూసికొనిరి. నా పిన్నీసు మిగిల్చిన మూడువందల రూపాయలను ఎవరు చెల్లించిరో అప్పుడు చూచితిని.

మఱునాడు అయిదుంబావుకు అమ్మాయి వచ్చి లేపినది. గుడారపు తెఱ తొలగించి, ఒక కాలికి బూటు, ఒక కాలికి మా వారి మేజోడుపైన సంచిగుడ్డ చుట్టుకొని వెలుపలికి వచ్చితిని. మబ్బు లేదు. లోయ యింకను నీలిచీకటిలో నుండగా స్వర్గారోహిణి తలపై మాత్రము వెలుగు పడినది. మొదట బంగారము, తరువాత పాలమీగడ, తరువాత కన్ను నిలుపరాని తెలుపు. నాకు ధర్మరాజు జ్ఞప్తికి రాలేదు. స్వర్గము జ్ఞప్తికి రాలేదు. నారచీర కట్టుకొని ఆ మంచులో అయిదుగురి వెనుక నడచిన ఆమె పాదములు మాత్రమే కన్నులయెదుట నిలిచినవి.

ఇల్లు చేరి కాలు మానినతరువాత, వచ్చు వేసవికై నాకును అమ్మాయికిని ఒక్కొక్క జత కొనవలెనని అంగళ్లు తిరిగితిని. తిరిగినప్పుడు వంటయింటి త్రాసు సంచిలో పెట్టుకొని పోయితిని. అంగడివాడు మొదట ఉల్లిపాయలు కొనవచ్చితినేమో యనుకొనెను. తూకముపై నాకింత పట్టుదలయేల యనగా, కాలికి తగిలించిన బరువు వీపున మోసిన బరువుకంటె నాలుగు మొదలు ఆఱు రెట్లు శ్రమ కలిగించునని నడకశాస్త్రమువారు కొలిచిచూచిరి. కనుకనే బూట్లు తేలికగా నుండవలెను. రెండవ జతను వీపున మోయుదుము గనుక దాని శ్రమ అంత కాకపోయినను, 9 కిలోలలో అరకిలో చెప్పులకే పోయినచో అన్నమెక్కడ పెట్టుదుము?

నేను తూచినవి చెప్పెదను. అన్నియు నా పాదపు కొలతవే. క్రొత్త హవాయి చెప్పులు 180 రూపాయలు, 330 గ్రాములు. జపాను దేశపు జోరి యను గడ్డిచెప్పుల పోలికతో పుట్టిన ఈ చెప్పు మన స్నానపుగదికి మహారాజు. కాని మేజోడుతో కుదరదు, వ్రేళ్లకు రక్షణ లేదు, వెనుక పట్టులేదు. కొండచలికి పనికిరాదు. కాన్వాసుజోడు 350 రూపాయలు, 540 గ్రాములు. పాదమును చక్కగా పట్టును. కాని బాల్చీనీళ్లలో అరగంట ఉంచి తీసి తూచగా 800 గ్రాములు దాటినది. మఱునాటి సాయంకాలమునకును ఆరలేదు. అది గోదావరి వేసవిలో! కొండమీద మూడుదినములైనను ఆరదు. ప్లాస్టికు సాండలు నీళ్లకు మంచిదే. బరువు 470 గ్రాములు, అంచులు కోయును. ఇంటిలో తిరుగుటకు అమ్ము ఉన్నిగుడ్డ చెప్పులు 180 గ్రాములే, వెచ్చన, మృదువు. మంచుపడిన గడ్డిపై నాలుగడుగులు వేసినచో పీచుముద్ద.

చివరకు ఆ నురుగుజోడే. ఈ.వి.ఏ. అను పదార్థముతో చేయుదురు. దానిలో లెక్కలేనన్ని గాలిబుడగలుండును. ఏ బుడగకు ఆ బుడగ మూసియుండుటచే నీరు లోనికి పోదు, బరువు ఉండదు, చలినేల వేగముగా తగులదు. 2002లో అమెరికాలో క్రాక్స్ అను సంస్థ పడవలపై తిరుగువారికై ఇట్టి జోడులు తెచ్చి ప్రసిద్ధిచేసినది. ఆ పేరుగలవి వేలలో నుండును. మన సంతలో పేరులేనివి 280 రూపాయలకు దొరకినవి. నా జత 270 గ్రాములు. బాల్చీలో ముంచి దులిపి తుడువగా మరల 270 గ్రాములే! అంగడివాడును ఆశ్చర్యపోయెను. వెల తక్కువదానిలో చూచుకొనవలసిన దేమనగా, మడమపట్టీకిరువైపుల నుండు గుబ్బలు గట్టిగానున్నవా, లాగిన ఊడునా, అడుగున గాడులు లోతుగా నున్నవా అని. నున్నని అడుగైనచో ఎంత చవుకయైనను వలదు. మా పెరటిలో నూతిప్రక్క పాచిపట్టిన బండ యొకటి కలదు. నాలుగు రకములతోను దానిపై నిలిచి చూచితిని. నున్న అడుగుదానితో నేను పడబోగా పనిమనిషి పట్టుకొనెను.

కొలత విషయము. సాయంకాలమే కొనవలెను. అప్పుడు పాదము కొంత ఉబ్బియుండును. దళసరి మేజోడు తొడిగి వేసిచూడవలెను. వ్రేళ్లముందు చిటికెనవ్రేలంత చోటుండవలెను. వాగులు దాటుటకు వీనిని వాడదలచినచో పట్టీ తప్పక వెనుకకు వేయవలెను. జారిపోయినచో తేలుచు పోవును, మరల చేతికి రాదు. మోకాలు దాటి వేగముగా పాఱు నీటిలో మాత్రము వీనిని నమ్మవలదు. అచ్చట బూట్లు తడిసినను బూట్లే మేలు.

వీనికి ఒక శత్రువు కలదు. వేడి. మా అమ్మాయి తన జోడును కడిగి, వైశాఖమాసమున మిట్టమధ్యాహ్నము డాబామీద ఆరబెట్టినది. సాయంకాలము తెచ్చిచూచుసరికి రెండును ముడుచుకొని అంగుళములో సగము పొట్టియైనవి. నిప్పుసెగకడ పెట్టినను అంతే. చలిమంటప్రక్క మేజోళ్లు ఆరబెట్టుకొనుడు గాని ఈ జోడును దూరముగా నుంచుడు. నీడలో గాలికి చాలును.

ఆ పొట్టిజోడు పోగా, అమ్మాయి తానే చెప్పులు చేసెదనని, పాత వ్యాయామపుచాపను పాదము కొలతకు కత్తిరించి, నాడాలు గ్రుచ్చి, బంకపట్టీలు చుట్టి ఒక జత తయారుచేసినది. తూచగా 90 గ్రాములు! అంత తేలిక యే అంగడిలోను లేదు. మా వారు ఎంతయో మెచ్చుకొనిరి. వీధిచివరి దేవాలయమువఱకు పోయి వచ్చుసరికి ఒకటి రెండుగా చీలినది. గుడారములోపల మాత్రమే తిరుగువారికి అది చాలునేమో.

గుంటూరువారికి ఒక క్రొత్త జత కొని, దానిలో మా చెట్టు నేరేడుపండ్ల వడియము... కాదు, అట్టివి లేవు, మామిడితాండ్ర పెట్టి పంపితిని. నేరేడుపండన్న నాకిప్పుడు ఆ వ్రేలే జ్ఞప్తికి వచ్చుచున్నది. పాత జోడు ఇంకను బాగుగానే యున్నదనియు, తాండ్ర మాత్రము అయిపోయినదనియు వారు జాబు వ్రాసిరి. మెట్టెలు ఇల్లు చేరిన వారమునకు, వాపు తగ్గినపిమ్మట, మా వారే తొడిగిరి. ఇకమీద కొండలకు పోవునప్పుడు, దిగుడులో బూటు నొక్కకుండ వానిక్రింద పలుచని గుడ్డపట్టీ చుట్టుకొనవలెనని నిశ్చయించుకొంటిని.

ఇక మా అత్తగారి సంగతి. నేను తెచ్చిన నురుగుజోడును చూచి మొదట, "ఇదేమి తాబేలు డిప్పలు! ఇవి వేసికొని నలుగురిలో తిరుగుదువా?" అనిరి. పది దినములు గడచినవి. ఒకనాటి ఉదయము తులసికోటకు నీళ్లుపోసి, నూతిగట్టు ప్రక్కగా మందారములు కోయుచున్న అత్తగారి కాళ్లవైపు చూతునుగదా, నా జోడు! నన్ను చూచి, "బండమీద జారకుండ నున్నవే అమ్మాయీ. మోకాలికిని మెత్తగా నున్నది" అని, మఱల పూలు కోసికొనసాగిరి. అడుగుటకు నాకు నోరు రాలేదు. మే నెల రాకమునుపు నాకింకొక జత కొనవలెను.